22 పాయింట్లతో 4♠: తప్పు బిడ్డింగ్‌దా, ఆటదా?

మీరు రాసిన బ్రిడ్జ్ డీల్‌ను ముందు ఒకసారి చెప్పుకుందాం, మిగతావాళ్లకు కూడా అందుతుంది. టీమ్స్ మ్యాచ్ (ఒకే డీల్ రెండు టేబుళ్ల మీద ఆడి స్కోర్ల తేడా చూస్తారు), రెండు వైపులా వల్నరబుల్ (గెలిస్తే బోనస్, ఓడితే జరిమానా రెండూ పెద్దవి). డీలర్ మీరే, సౌత్. మీరు 1♠ అన్నారు, పార్ట్‌నర్ 2♠ కి పెంచారు, మీరు నేరుగా 4♠ కి దూకారు, అంటే స్పేడ్స్ తురుపుగా పదమూడులో పది ట్రిక్కులు చేస్తామన్న మాట, ఇదే గేమ్. అవతలివాళ్లు మొదటి నుంచి చివరిదాకా పాస్.

నార్త్ (డమ్మీ, అంటే బల్ల మీద పరిచే పార్ట్‌నర్ చెయ్యి)
♠ రాజు 8 6 5
♥ 9 7 3
♦ ఆసు 10 4 2
♣ 9 5

సౌత్ (మీరు)
♠ ఆసు రాణి జాకీ 9 4 2
♥ 8 4
♦ రాజు జాకీ 6
♣ ఆసు 8

వెస్ట్ ♥ రాజు వేశాడు, ఈస్ట్ 6 వేసి ఇంకోటి వెయ్యమన్నాడు. రెండో హార్ట్ ఈస్ట్ ఆసుకి పోయింది. అక్కడి నుంచి ఈస్ట్ ♣2 తిప్పాడు. మీరు ఆసుతో పట్టుకుని, ♠ ఆసు, రాణి వేసి తురుపులు లాగేశారు (వెస్ట్‌కి ఒకటి, ఈస్ట్‌కి రెండు), ఆ వెంటనే ♦ జాకీ వేసి వెస్ట్ మీద ఫినెస్ చేశారు, అంటే ♦ రాణి అతని దగ్గరుందని నమ్మి జాకీతోనే ట్రిక్కు గెలవాలని చూశారు. ఈస్ట్ రాణితో కొట్టి, ♣ రాజు కూడా తీసుకున్నాడు, మీకు తొమ్మిది ట్రిక్కులే వచ్చాయి. ఒకటి డౌన్. పార్ట్‌నర్ ఏమో "ఇద్దరికీ కలిపి 22 పాయింట్లే, గేమ్ ఎలా అంటావు?" అన్నారు. మీరు "రాణి ఎటుందో యాభై-యాభై, నా ఊహ తప్పింది" అన్నారు. ఎవరి మాట నిజం, పెయిర్స్‌లో (అదే డీల్ ఆడిన మిగతా జోడీలన్నిటితో పోల్చే పోటీలో) అయితే జవాబు మారేదా అని అడిగారు.

ఇద్దరి మాటా నిజం కాదండీ. గేమ్‌కి వెళ్లడం సరైనదే, వెళ్లిన దారి ఇంకాస్త మెరుగ్గా ఉండొచ్చు. ఇక ఆటలో మీ ఊహ తప్పడం అసలు సమస్యే కాదు, ఊహించాల్సిన అవసరమే లేదు. మూడో ట్రిక్కు ♣ ఆసుతో మీరు పట్టుకున్న క్షణం నుంచి ఈ కాంట్రాక్ట్ నూటికి నూరు శాతం మీ చేతిలో ఉంది. ♦ రాణి ఈస్ట్ దగ్గరున్నా, వెస్ట్ దగ్గరున్నా, తురుపులు మూడూ ఒకరి దగ్గరే ఉన్నా సరే.

ముందు బిడ్డింగ్ సంగతి. పార్ట్‌నర్ చెప్పిన 22 అనే లెక్కలో కూడిక తప్పేమీ లేదు, దాన్ని వాడిన చోటు తప్పు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 అనే లెక్క మిల్టన్ వర్క్ పేరు మీద వచ్చింది, చార్లెస్ గోరెన్ దాన్ని అందరికీ అలవాటు చేశాడు. నోట్రంప్‌లో (తురుపు లేని ఆటలో), రెండు బాలెన్స్‌డ్ చేతులు (సూట్లన్నీ దాదాపు సమానంగా ఉన్నవి) ఎదురెదురుగా ఉన్నప్పుడు ఆ లెక్క చక్కగా పనిచేస్తుంది. గేమ్‌కి 25, 26 కావాలన్న మాట కూడా అక్కడిదే. మీ ఇద్దరి దగ్గర పది స్పేడ్లు ఉన్నాయి. పది తురుపులున్నప్పుడు పాయింట్లు కలిపి చూసి ఆగిపోతే, చేతిలో ఉన్న బలంలో సగం లెక్కలోకే రాదు.

ఇలాంటి చోట నేను లూజర్ల లెక్క చూస్తాను. ప్రతి సూట్‌లో మొదటి మూడు ముక్కల వరకు ఆసు, రాజు, రాణి ఏది లేకపోతే అది ఒక లూజర్. మీ చేతిలో స్పేడ్స్‌లో రాజు లేదు, ఒకటి. హార్ట్స్‌లో రెండు. డైమండ్స్‌లో ఆసు, రాణి లేవు, రెండు. క్లబ్స్‌లో ఒకటి. మొత్తం ఆరు. 2♠ కి పెంచిన చెయ్యి మామూలుగా తొమ్మిది లూజర్లది. ఆరూ తొమ్మిదీ పదిహేను, 24 లోంచి తీసేస్తే తొమ్మిది ట్రిక్కులు. అంటే గేమ్‌కి సరిగ్గా ఒక మెట్టు కింద. ఇది పాస్ చెప్పే చెయ్యి కాదు, కళ్లు మూసుకుని దూకే చెయ్యీ కాదు. పార్ట్‌నర్‌ని ఒక ప్రశ్న అడగాల్సిన చెయ్యి.

ఆ ప్రశ్న అడిగే ముందు దాని ఖరీదు తెలియాలి. టీమ్స్‌లో వల్నరబుల్‌గా గేమ్ చేస్తే 620, అదే పది ట్రిక్కులు పార్ట్‌స్కోర్‌లో (గేమ్ కంటే తక్కువ బిడ్‌లో) చేస్తే 170. తేడా 450, అంటే 10 ఇంప్స్ (టీమ్స్‌లో స్కోర్ల తేడాని ఈ పాయింట్లలోకి మారుస్తారు). గేమ్ అని ఒకటి డౌన్ అయితే మైనస్ 100, తక్కువలో ఆగి తొమ్మిది చేసుంటే ప్లస్ 140. తేడా 240, అంటే 6 ఇంప్స్. పదికి ఆరు పందెం. కాబట్టి గేమ్ 37.5 శాతం నిలబడితే చాలు, లెక్క సరిపోతుంది. నాన్-వల్నరబుల్ అయితే 6 గెలుపు, 5 నష్టం, దాదాపు 45 శాతం కావాలి. మీ డీల్‌లో ఏ ఆలోచనా లేకుండా ఫినెస్ ఒక్కటే చేసినా 50 శాతం ఉంది. ఈ ఒక్క ముక్కతోనే మీ పార్ట్‌నర్ ఫిర్యాదు కొట్టుకుపోతుంది.

అయినా నేరుగా 4♠ కంటే 3♦ నాకు నచ్చుతుంది. 1♠, 2♠ తర్వాత 3♦ అంటే "స్పేడ్స్‌లోనే ఆడదాం, గేమ్ మాత్రం నీ డైమండ్స్ మీద ఆధారపడి ఉంది, అక్కడ సాయం ఉందా?" అని అడగడం. దీన్ని ట్రయల్ బిడ్ అంటాం. రాజు జాకీ 6 ఈ ప్రశ్నకి సరిగ్గా సరిపోయే సూట్. ఎదురుగా ఏముందో దాన్నిబట్టి ఇందులో ఒక్క ట్రిక్కూ పోకపోవచ్చు, రెండు పోవచ్చు.

పార్ట్‌నర్‌కి ఇదే 7 పాయింట్లతో ఇంకో చెయ్యి ఇచ్చి చూడండి: ♠ రాజు 8 6 5, ♥ రాణి 7 3, ♦ 9 8 4 2, ♣ రాణి 5. అవే నాలుగు తురుపులు, అదే షేప్, అవే 7 పాయింట్లు. హార్ట్స్‌లో రెండు, క్లబ్స్‌లో ఒకటి, డైమండ్స్‌లో కనీసం ఒకటి, తరచూ రెండు పోతాయి. ఆ రెండు రాణులూ అవతలివాళ్లు పొరపాటు చేస్తే తప్ప ఎందుకూ పనికిరావు. గేమ్ దాదాపు అసాధ్యం, తొమ్మిదో ట్రిక్కుకే చెమటలు పడతాయి. అసలు డీల్‌లో ఉన్న డమ్మీలో ఆ రాణుల బదులు ♦ ఆసు, 10 ఉన్నాయి. 3♦ కి ఆ రాణులున్న చెయ్యి 3♠ అని ఆగుతుంది, అసలు డమ్మీ సంతోషంగా 4♠ అంటుంది. మీరు నేరుగా దూకితే ఈ రెండు చేతులకీ తేడా తెలిసే అవకాశమే లేదు.

దూకడానికి ఒక మంచి గుణం ఉందని ఒప్పుకోవాలి. అవతలివాళ్లకి ఏమీ చెప్పదు. 3♦ అంటే మొదటి ముక్క వేసే వెస్ట్ మీ బలహీనత ఎక్కడో పసిగట్టొచ్చు. గట్టి ఆటగాళ్లలో చాలామంది వల్నరబుల్ టీమ్స్‌లో ఇదే కారణంతో దూకేస్తారు. కాబట్టి మీరు చేసింది తప్పు అని నేను అనను. కానీ అలవాటుగా దూకేవాళ్లని చూశాను, వాళ్లకి డమ్మీ దిగేదాకా ఏం వస్తుందో తెలియదు, అది వాళ్లకి సరదాగా కూడా ఉంటుంది.

ఇక పార్ట్‌నర్ వైపు. 3♦ విన్నాక నార్త్ ఏం చూడాలి? ♦ ఆసు స్పష్టమే. చాలామంది పట్టించుకోనివి రెండున్నాయి, ♦10, నాలుగో తురుపు. 4-3-2-1 లెక్కలో ఈ రెండింటికీ సున్నా. ఆటలోకి వెళ్లాక చూద్దురుగాని, ఈ కాంట్రాక్ట్‌ని యాభై శాతం నుంచి నూరు శాతానికి తీసుకెళ్లినవి ఇవే.

అవతలివాళ్లు నోరు విప్పి ఉంటే ఇంకో విషయం కూడా చూడాల్సి వచ్చేది. ఈస్ట్ డైమండ్స్ బిడ్ చేసుంటే మీ రాజు జాకీ అతని తర్వాత కూర్చున్నాయి, వాటి విలువ పెరుగుతుంది. అదే వెస్ట్ డైమండ్స్ అనుంటే మీ తర్వాత ఆడేది అతను, మీ రాజు అతని ఆసు-రాణి ముందు ఇరుక్కుంటుంది. ముక్కలు అవే, ఎవరు బిడ్ చేశారన్నదాన్నిబట్టి ఒకసారి గేమ్ అనాలి, ఇంకోసారి ఆగాలి. ట్రయల్ బిడ్‌కి ఇచ్చే అర్థం గురించి కూడా ఒక మాట: కొన్ని జోడీలు తక్కువ ముక్కలున్న సూట్‌ని చూపడానికి ఇదే బిడ్ వాడతారు, అర్థం పూర్తిగా తిరగబడుతుంది. మీరిద్దరూ ఏది ఆడుతున్నారో ముందే మాట్లాడుకుని ఉండకపోతే 3♦ అనకపోవడమే మేలు.

ఇప్పుడు ఆట. డమ్మీ దిగగానే మీ ట్రిక్కులు లెక్కపెట్టండి. స్పేడ్స్‌లో ఆరు, ♦ ఆసు, రాజు, ♣ ఆసు. తొమ్మిది. డమ్మీలో తురుపు కొట్టించుకోవడానికి ఏమీ లేదు, పదోది రావాలంటే డైమండ్స్ నుంచే రావాలి. లూజర్ల వైపు నుంచి చూస్తే హార్ట్స్‌లో రెండు, క్లబ్స్‌లో ఒకటి తప్పవు, నాలుగోది డైమండ్స్‌లో పోకూడదు. ఇక్కడిదాకా మీరూ వచ్చారు. ఆ తర్వాత మీరు వేసుకున్న ప్రశ్న "రాణి ఎవరి దగ్గరుంది?" అని. దానికి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇంకోటుంది: ఈ సూట్ నేనే ఎందుకు మొదలుపెట్టాలి?

ఆసు 10 4 2 కి ఎదురుగా రాజు జాకీ 6. మీరు మొదలుపెడితే ఇటో అటో ఊహించాలి. వాళ్లు మొదలుపెడితే ఊహే లేదు. వెస్ట్ డైమండ్ వేశాడనుకోండి, డమ్మీ నుంచి చిన్నది, ఈస్ట్ ఏది వేస్తే దానిమీద మీరు చివర్లో వేస్తారు. రాణి వస్తే రాజు, రాకపోతే జాకీ. ఈస్ట్ వేశాడనుకోండి, మీరు 6, వెస్ట్ ఏది వేసినా చివర్లో డమ్మీ ఉంది. రాణి వస్తే ఆసు, 9 వస్తే 10. ఆ 10 ఎందుకు ముఖ్యమో ఇక్కడ చూడండి. డమ్మీలో ఆసు 4 3 2 మాత్రమే ఉండి, రాణి-9 వెస్ట్ దగ్గరుంటే, ఈస్ట్ చిన్న డైమండ్ వేసినప్పుడు మీరు 6 వేసినా జాకీ వేసినా చివరికి ఒక డైమండ్ ట్రిక్కు పోతుంది. 10 ఉంటే ఎవరు వేసినా మనకొకటే.

అంటే పని ఏమిటంటే, వాళ్లని పట్టులో కూర్చోబెట్టి, డైమండ్ తప్ప ఇంకేదీ వెయ్యలేని పరిస్థితి తేవడం. దీన్నే ఎలిమినేషన్ అంటారు, చివర్లో వాళ్లకి లీడ్ అప్పగించడాన్ని త్రో-ఇన్ అంటారు. పేరు విని భయపడక్కర్లేదు. దీనికి కావాల్సినవి మీ చేతుల్లోనే ఉన్నాయి. రెండు వైపులా తురుపు మిగలాలి. హార్ట్స్, క్లబ్స్ రెండు చేతుల్లోనూ అయిపోవాలి. ఎలాగూ పోయే ఒక ట్రిక్కు చివరికి మిగిలి ఉండాలి, దాంతోనే వాళ్లకి లీడ్ ఇస్తాం.

మూడో ట్రిక్కు దగ్గరికి వెళ్దాం. ఈస్ట్ ♣2 తిప్పాడు. ఇక్కడ చాలామందికి చెయ్యి దురద పెడుతుంది, "ఎలాగూ ఒక క్లబ్ పోవాలి, ఇప్పుడే వదిలేద్దాం" అని. వదిలితే ఆట అక్కడే పోయినట్టు. వెస్ట్ పట్టి మళ్లీ క్లబ్ వేస్తాడు, మీ ఆసు వాడేస్తారు, ఆ తర్వాత వాళ్లకి లీడ్ అప్పగించడానికి మీ దగ్గర ముక్కే ఉండదు. మీరు వెంటనే ఆసుతో పట్టారు, అది సరైనది. మీ ♣8 ఇప్పుడు పోయే ముక్క కాదు, దాచుకోవాల్సిన ముక్క.

నాలుగో ట్రిక్కు ♠ ఆసు. ఇద్దరూ వేశారు. మిగిలింది ఒకటే తురుపు. ఇప్పుడు మీరు ♠ రాణి వేశారు, నేనైతే చిన్న స్పేడ్‌తో డమ్మీ రాజుకి వెళ్తాను. తేడా చిన్నదే, కానీ మొత్తం ప్లాన్ దానిమీదే నడుస్తుంది. డమ్మీలో ఉంటే ♥9 అక్కడి నుంచి వేసి చేతిలో తురుపు కొట్టొచ్చు. ఈ కొట్టడం వల్ల అదనపు ట్రిక్కేమీ రాదు, మీ ఆరు స్పేడ్లలో ఒకటి ఇక్కడ వాడుతున్నారంతే. పని మాత్రం పెద్దది, హార్ట్స్ రెండు చేతుల్లోనూ ఖాళీ. తురుపులు 3-0 గా ఉన్నా ఆసు, రాణి, ఆ తర్వాత రాజు అని చివరికి డమ్మీలోనే ఆగుతారు, డమ్మీలో ఇంకా ఒక తురుపు మిగులుతుంది.

ఇప్పుడు ఏడు ముక్కలున్నాయి:

డమ్మీ: ♠ 8 6, ♦ ఆసు 10 4 2, ♣ 9
మీరు: ♠ మూడు, ♦ రాజు జాకీ 6, ♣ 8

♣8 వెయ్యండి. ఎవరు పట్టినా సరే. ఈస్ట్ రాజుతో పట్టాడనుకుందాం. అతని దగ్గర డైమండ్స్, హార్ట్స్, క్లబ్స్ ఉన్నాయి, తురుపు లేదు. డైమండ్ వేస్తే పైన చెప్పినట్టు మీకు ఊహ లేదు. హార్ట్ వేసినా, క్లబ్ వేసినా మీ ఇద్దరి దగ్గరా ఆ సూట్ లేదు. డమ్మీలో తురుపు కొట్టి, చేతిలోంచి ♦6 పారేయండి. చేతిలో రాజు జాకీ మిగిలాయి. రాజు ఒక ట్రిక్కు, జాకీ వేసి డమ్మీ ఆసుతో ఇంకోటి, మిగతావన్నీ తురుపులు. నాలుగు గెలిచి ఉన్నారు, మిగిలిన ఆరూ మీవే. పది.

అసలు డీల్‌లో ఈస్ట్ దగ్గర ♦ రాణి 8 3, వెస్ట్ దగ్గర ♦ 9 7 5 ఉన్నాయని రాశారు. ఈ దారిలో ఆ సంగతి తెలియాల్సిన పనే లేదు. రాణిని వెస్ట్ చేతికి మార్చి మళ్లీ ఆడి చూడండి, ఒక్క ముక్క కూడా మార్చి వెయ్యక్కర్లేదు.

నాలుగో తురుపు మాటకి వద్దాం. డమ్మీలో మూడే స్పేడ్లు ఉండుంటే అవతల నాలుగుండేవి. అవి 2-2 గా ఉండేది 40 శాతమే, 3-1 గా ఉండేది 50 శాతం. 3-1 అయితే తురుపులన్నీ లాగేసరికి డమ్మీ ఖాళీ, హార్ట్ వేసినా క్లబ్ వేసినా వాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు. ఒక తురుపు అవతల వదిలేసి, లీడ్ పట్టినవాడి దగ్గర అది లేదని ఆశపడటం ఒక్కటే మిగిలేది. అందుకే ట్రయల్ బిడ్ విన్న నార్త్ తన నాలుగో తురుపుని చూసి ఒకసారి నవ్వుకోవాలి.

ఇక్కడ జాగ్రత్తగా చదివేవాళ్లకి ఒక సందేహం రావాలి. అవతలివాళ్లు దీన్ని ఆపలేరా? ఆపగలరు, వాళ్లకి ఆ అవకాశం రెండో ట్రిక్కు దగ్గర ఉంది. మొదటి హార్ట్ తీసుకున్న వెస్ట్ రెండోది వెయ్యకుండా క్లబ్ తిప్పి ఉంటే మీ ప్లాన్ నడవదు. మీరు ♣ ఆసుతో పట్టి, తురుపులు లాగి, హార్ట్ వేస్తారు. వాళ్లు పట్టి, క్లబ్ ట్రిక్కు తీసుకుని, మళ్లీ హార్ట్ వేస్తారు. డమ్మీ దగ్గర ఇంకా ఒక హార్ట్ ఉంది కాబట్టి అది వెయ్యాల్సిందే, మీరు చేతిలో తురుపు కొట్టాల్సిందే. ఇద్దరి దగ్గరా ఖాళీ అయ్యేసరికి వాళ్లకివ్వడానికి మీ దగ్గర ఒక్క లూజరూ లేదు. అంటే రెండో హార్ట్‌ని తొందరపడి లాగేసుకుని వాళ్లే మీకు గేమ్ కానుకగా ఇచ్చారు, మీరు తీసుకోలేదు. వాళ్ల టీమ్‌లో కూడా ఆ రాత్రి దీని మీద ఏమైనా చర్చ జరిగిందో లేదో మరి.

సరే, వాళ్లు సరిగ్గా ఆడి మిమ్మల్ని ఊహ దగ్గరికే నెట్టారనుకోండి. అప్పుడు కూడా నాణెం ఎగరేయడం చివరి పని. రెండు విషయాలు చూడాలి. మొదటిది, ఎవరి దగ్గర ఎన్ని డైమండ్స్. హార్ట్స్, క్లబ్స్, స్పేడ్స్‌లో ఎవరు ఎన్ని వేశారో, ఎక్కడ ఖాళీ చూపారో గుర్తుంటే డైమండ్స్ లెక్క దానంతటదే వస్తుంది. ఒకరి దగ్గర నాలుగు, ఇంకొకరి దగ్గర రెండు అని తేలితే రాణి నాలుగున్నవారి దగ్గర ఉండే అవకాశం రెండింతలు. యాభై శాతం ఊహ అరవై ఆరు దాటుతుంది. ఈ డీల్‌లో అవి 3-3, కాబట్టి ఆ సాయం దొరికేది కాదు, కానీ దొరకదని తెలియడానికి కూడా లెక్కపెట్టాలి.

రెండోది, ఎవరు ఏం బిడ్ చేశారు, ఏం చేయలేదు. మీ డీల్‌లో డీలర్ మీరే కాబట్టి వాళ్ల పాస్‌లు పెద్దగా ఏమీ చెప్పవు. అదే ఈస్ట్ డీలర్ అయి మొదట పాస్ అని, ఆట మధ్యలోకి వచ్చేసరికి అతని చేతి నుంచి అప్పటికే 11 పాయింట్లు బయటపడితే, ఇంకో రాణి కూడా ఉన్నవాడు ఓపెన్ చేసి ఉండేవాడు. రాణి వెస్ట్ దగ్గర. ఇందుకే ఊహించాల్సిన సూట్‌ని చివరికి వాయిదా వెయ్యడం. మిగతా సూట్లు ఆడేకొద్దీ వాళ్ల చేతులు ఒక్కో ముక్కా తెరుచుకుంటాయి. మీరు ఆరో ట్రిక్కుకే డైమండ్ ముట్టుకున్నారు, అప్పటికి మీకు తెలిసింది చాలా తక్కువ.

రెండు వైపుల నుంచీ ఫినెస్ చేయగలిగే సూట్ డమ్మీలో కనిపించిందంటే అక్కడ ఆగాలి. ఇదే ఒక్కటి కాదు. రాణి 6 3 కి ఎదురుగా జాకీ 5 4 లాంటి సూట్ కూడా ఇదే జాతి. మీరు మొదలుపెడితే మూడు ట్రిక్కులూ పోవచ్చు, వాళ్లు మొదలుపెడితే ఒకటి ఖాయంగా మీకొస్తుంది. రాజు 7 4 కి ఎదురుగా 8 5 2 ఉంటే, ఆసు వెస్ట్ చేతిలో మీ రాజు వెనక ఉన్నా సరే, వెస్టే ఆ సూట్ మొదలుపెట్టాల్సి వస్తే మీ రాజు బతుకుతుంది. వెస్ట్‌కే లీడ్ ఇవ్వాలి, ఈస్ట్‌కి ఇస్తే పని జరగదు, అదొక్కటే తేడా. ఇలాంటి సూట్లు కనిపించినప్పుడు మిగతా రెండు సూట్లలో రెండు చేతుల్లోనూ ముక్కలు ఎన్నున్నాయో చూడండి. మీ డీల్‌లో క్లబ్స్ 2-2, హార్ట్స్ 2-3. వాళ్లు హార్ట్స్‌లో రెండు లాగేశాక ఒక్కసారి తురుపు కొడితే చాలు. డమ్మీ దిగగానే ఇది కనపడదు, నిజమే. మూడో ట్రిక్కు పట్టాక ఇరవై సెకన్లు ఆగితే కనపడుతుంది.

చాలామంది మొదటి ట్రిక్కు దగ్గర బాగానే ఆలోచిస్తారు, తురుపులు లాగాక ఆలోచించడం మానేస్తారు. తురుపులు అయిపోయాయంటే ఇక పని అయిపోయిందన్న ధీమా వస్తుంది. నా మట్టుకు నాకు, తురుపులు లాగడం మొదలుపెట్టే ముందే చివరి తురుపు ఏ చేతిలో పట్టాలి అన్నది తేలిపోవాలి. మీ ఆట పోయింది సరిగ్గా అక్కడే, ♠ రాణి దగ్గర. అప్పటికీ పూర్తిగా పోలేదనుకోండి, ఇంకో స్పేడ్‌తో డమ్మీకి వెళ్లి హార్ట్ కొట్టొచ్చు, డమ్మీలో ఇంకా ఒక తురుపు మిగిలే ఉంటుంది. కానీ చేతిలో పట్టినవాళ్లకి అక్కడి నుంచే ఏదో ఒకటి వెయ్యాలనిపిస్తుంది, ఎదురుగా ♦ జాకీ కనిపిస్తుంది.

చివరిగా పెయిర్స్ గురించి. మ్యాచ్‌పాయింట్స్‌లో, అంటే పెయిర్స్ స్కోరింగ్‌లో, ఒక ఓవర్‌ట్రిక్కుకి (అదనపు ట్రిక్కుకి) కూడా ప్రాణం పెడతాం కాబట్టి మీ ప్రశ్న సమంజసమే. ఫినెస్ సరైన వైపు చేసి, డైమండ్స్ 3-3 గా ఉంటే డమ్మీలో నాలుగో డైమండ్ మీద మీ ♣8 పారేయొచ్చు, పదకొండు ట్రిక్కులు. రాణి ఉన్నవాడి దగ్గర రెండే డైమండ్స్ ఉన్నా, మీ 10 పైకి లేచి అదే ఫలితం రావచ్చు. ఎలిమినేషన్ చేస్తే పదే, పదకొండు ఎప్పటికీ రావు. అయినా రెండో పక్క చూడండి. ఫినెస్ సగం సార్లు తప్పుతుంది, తప్పినప్పుడల్లా ఒకటి డౌన్. సరిగ్గా కుదిరిన సగంలో కూడా ప్రతిసారీ పదకొండు రావు. పైగా మీ పార్ట్‌నర్ లాంటివాళ్లు గదిలో ఇంకా ఉంటారు, 22 పాయింట్లు చూసి 2♠ లోనో 3♠ లోనో ఆగిపోయే టేబుళ్లు కొన్నైనా ఉంటాయి. వాటి మీద 620 ఒక్కటే మీకు మంచి స్కోరు, 650 కోసం దాన్ని పణంగా పెట్టక్కర్లేదు. పెయిర్స్‌లో మారేది బిడ్డింగ్ అంచు: అక్కడ గేమ్‌కి దాదాపు 50 శాతం కావాలి, 37.5 చాలదు. కాబట్టి పెయిర్స్‌లో మీ చేతితో నేరుగా 4♠ అనను, 3♦ అంటాను. మీ పార్ట్‌నర్ ఆసు 10 4 2 తో 3♠ అని ఆగితే మాత్రం, ఆ రోజు ఫిర్యాదు చేసే వంతు మీది.